ఆ రాత్రి నేను నింపిన గడులు

అధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, నాతో రాత్రి డ్యూటీలు పంచుకున్న సిస్టర్లకు, ఈ ఏడాదే ఉద్యోగంలో చేరిన పిల్లలకు నమస్కారం. నర్సుల దినోత్సవం కదా, సేవ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సేవ గురించి ఇతరులు చెబుతారు. నేను కేస్ షీటు గురించి చెబుతాను.

1963లో మహారాష్ట్రలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవమైన తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. కడుపులో గుడ్డ వదిలేసి కుట్లు వేశారు. నొప్పి తగ్గలేదు. మళ్లీ తెరిచి చూస్తే గుడ్డ బయటపడింది. ఆ నెలలోనే ఆమె చనిపోయింది. కింది కోర్టు 36 వేల రూపాయల పరిహారం ఇమ్మంది. హైకోర్టు కాదంది. చివరికి 1996లో సుప్రీంకోర్టు, ప్రభుత్వమే బాధ్యత వహించాలని తేల్చింది. 33 ఏళ్లు పట్టింది! కడుపులో గుడ్డ దొరికింది కాబట్టి అప్పటికైనా న్యాయం జరిగింది. ఏమీ దొరకని మరణాల మాటేమిటి? వాటికి సాక్ష్యం మనం రాసే కాగితమే.

1995లో వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. కానీ అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రులు ఆ చట్టానికి బయటే ఉండిపోయాయి. చీటీకి కట్టే నామమాత్రపు రుసుము లెక్కలోకి రాదు. డబ్బు కట్టినవాడికి వినియోగదారుల కమిషన్ ఉంది, కట్టలేనివాడు సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడికి వెళ్లాలన్నా చేతిలో కేస్ షీటు ఉండాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. మీలో ఎవరైనా ఇవ్వడం చూశారా? చూసినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులు లేచాయో.

ఇక నా సంగతి. ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పను. ప్రసూతి వార్డులో 43 మంది బాలింతలు, రాత్రి డ్యూటీలో నేనొక్కదాన్నే. రెండు గంటలప్పుడు చివరి మంచం మీది అమ్మాయి, “సిస్టర్, చలేస్తోంది” అంది. దుప్పటి కప్పాను. ఆ దుప్పటి ఒక్కసారి ఎత్తి చూసి ఉంటే సరిపోయేది. నాడి పట్టుకుని చూసినా తెలిసేది. పక్క గదిలో మరో ప్రసవం, అక్కడ చేయి తిప్పుకునే వీలు లేదు. నాలుగు గంటలకు వచ్చేసరికి పరుపు తడిసి నెత్తురు నేలమీదికి కారుతోంది. డాక్టర్ వచ్చారు, రక్తం కోసం పరుగెత్తారు. తెల్లవారకముందే ఆ అమ్మాయి పోయింది.

బి.పి. చార్టులో గంట గంటకూ రాయాల్సిన గడులు ఆరు ఖాళీగా ఉన్నాయి. “నింపేయి సిస్టర్, లేకపోతే మాట నీ మీదికే వస్తుంది” అన్నారు పైవాళ్లు. నింపాను. 110/70. 110/70. ఒకే అంకె వరసగా ఉంటే బాగుండదని మూడో గడిలో 108 అని రాశాను. ఆ 108 నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి తల్లి నా చేయి పట్టుకుని, “రాత్రి నా బిడ్డను ఎవరైనా చూశారా అమ్మా?” అని అడిగింది. “చూశాం” అన్నాను.

విచారణలో సంరక్షణలో లోపం లేదని తేలింది. ఏ కాగితం ఆధారంగా తేల్చారు? నా అంకెల ఆధారంగానే కదా! పిల్లలూ, ఇది వినండి. ఆ అంకెలతో నన్ను నేను కాపాడుకున్నాననుకున్నాను. నిజానికి ఆ వార్డుకు నలుగురు నర్సులు అవసరమైతే ఒక్కరినే ఉంచినవాళ్లను కాపాడాను. ఆ ఆరు ఖాళీ గడులూ అలాగే ఉండి ఉంటే ఖాళీ పోస్టుల సంగతి అవే చెప్పేవి. నేను నింపడంతో ఆ సంగతి అక్కడే పూడిపోయింది. మరుసటి నెలలోనూ రాత్రికి ఒక్కరే.

డాక్టర్లను, నర్సులను జైళ్లలో పెట్టమని నేను అనడం లేదు. ప్రతి పొరపాటూ నేరం కాదని, నేరమనాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట న్యాయమే. కానీ అది మనిషి చేసిన పొరపాటుకు ఇచ్చిన రక్షణ. తెల్లారాక కూర్చుని రాసిన అబద్ధపు అంకెలకు కాదు.

అందుకని, ఈ రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లను అడుగుతున్నాను. చూడకపోతే చూడలేదని రాయండి. “43 మంది, ఒక్కరే నర్సు” అని పక్కనే రాసి, సమయం వేసి సంతకం పెట్టండి. డాక్టర్‌కు ఎన్ని గంటలకు ఫోను చేశారో, ఎన్ని గంటలకు వచ్చారో అదీ రాయండి. నింపమని ఎవరైనా అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి.

సంఘం పెద్దలకు ఒక మాట. ఈ రోజు ప్రభుత్వానికి పంపబోయే కోర్కెల పత్రం చదివాను. జీతాలున్నాయి, బదిలీలున్నాయి, అన్నీ ఉండవలసినవే. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు, చనిపోతే వారి ఇంటివాళ్లకు, అడగకుండానే కేస్ షీటు నకలు ఇవ్వాలన్న కోరిక మాత్రం అందులో లేదు. అధ్యక్షుల వారూ, పత్రం మీ ముందే ఉంది. సంతకాల పైన ఒక వాక్యానికి చోటుంది. అది రాసేదాకా నేను ఇక్కడే నిలబడతాను.