తుపాను ఖాతాలో రాసిన నష్టం

శ్రోతలందరికీ నమస్కారం.

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు విశాఖపట్నంలో తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్లకి హుద్‌హుద్ తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఎంవీపీ కాలనీలో నాకో చిన్న జెరాక్స్ షాపు ఉండేది. షట్టర్ వంగిపోయి మెషీన్‌లోకి నీళ్లు పోయాయి. రెండు నెలలకి షాపు మూసేశాను.

ఆ తర్వాత ఎవరడిగినా ఒకటే మాట. 'హుద్‌హుద్ ముంచేసిందండీ.' పెళ్లిళ్లలో అదే మాట, ఆటోలో అదే మాట. విన్నవాళ్లు అయ్యో అనేవారు. అలా అంటే హాయిగానే ఉండేది లెండి.

మూడేళ్ల కిందట ఇల్లు మారుతుంటే అటక మీద ఆ షాపు లెక్కల పుస్తకం దొరికింది. తడిసి ఆరి, కాగితాలు అప్పడాల్లా బిరుసెక్కాయి. సెప్టెంబర్ పేజీ తీశాను. కాగితం నాలుగు రీములు, టోనర్, పాలు, బాబు ట్యూషన్ ఫీజు, కరెంటు బిల్లు, పెళ్లి చదివింపులు... అన్నీ ఒకే వరసలో! ఆ కరెంటు బిల్లు షాపుదో ఇంటిదో రాసిన నాకే అర్థం కాలేదు.

పెన్సిల్ పట్టుకుని విడదీశాను. షాపు ఖర్చులు పోగా మిగిలింది 9 వేలు. అందులో వడ్డీకి 6 వేలు. మెషీన్ కోసం 2 లక్షలు తెచ్చాను కదా, మూడు రూపాయల వడ్డీకి. ఇక మిగిలింది 3 వేలు. గల్లాపెట్టెలోంచి ఇంటికి పట్టుకెళ్లింది 8 వేలు. అంటే 5 వేలు లోటు, చేబదుళ్లతో పూడ్చాను. ఆగస్టులోనూ లోటే. జూలైలోనూ లోటే. అప్పటికి తుపాను పుట్టనే లేదు!

ఈ మూడు రూపాయల వడ్డీ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మూడు రూపాయలంటే చెవికెంత చిన్నగా ఉంటుంది! టీ కూడా రాదు. కానీ అది నెలకి. ఏడాదికి నూటికి 36. నా 2 లక్షలకి ఏడాదికి 72 వేలు కట్టినా అసలు అసలే. అప్పు తెచ్చేముందు ఆ వడ్డీని పన్నెండుతో హెచ్చవేసి పైకి అనండి. మనసులో కాదు, పైకి. 'నూటికి ముప్పై ఆరు.' బ్యాంకువాళ్లు కాగితాలు అడుగుతారని బద్ధకించాను, అదీ అసలు సంగతి.

ఇప్పుడు మర్రిపాలెంలో మళ్లీ చిన్న షాపు పెట్టాను. ఒకటో తారీఖున నాకు నేనే జీతం ఇచ్చుకుంటాను. పాల డబ్బులకి షాపుకొస్తే ఇంటికి వెళ్లమంటాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీండి.

మొన్న సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. 'హుద్‌హుద్ కాదురా, ఇదిగో, నన్ను ముంచింది ఇది' అని ఆ పుస్తకం చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని పేజీలన్నీ తిరగేశాడు.

'అన్నీ ఉన్నాయి బావా, నా దగ్గర తీసుకున్న చేబదులు ఎక్కడా కనబడదేం?' అన్నాడు.