నెట్ జీరో హామీలు: లెక్క టన్నుకా, మొత్తానికా? (కడప స్టూడియో చర్చ)

వ్యాఖ్యాత: ఎర్రగుంట్ల సిమెంటుకు పేరుబడ్డ జిల్లా మనది. 2050 కల్లా నెట్ జీరో కాంక్రీట్, అంటే గాల్లోకి వదిలే కార్బన్, తిరిగి తీసేసే కార్బన్ సరిసమానం చేస్తామని గ్లోబల్ సిమెంట్ అండ్ కాంక్రీట్ అసోసియేషన్ 2021లోనే ప్రకటించింది. సార్, మీరు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. అయ్యే పనేనా?

ఇంజనీరు: కరెంటు వరకైతే సోలార్‌తో లాగించొచ్చు, మన సీమలో ఎండకేం కొదవ! చిక్కంతా కిల్న్‌లో, అంటే సున్నపురాయి కాల్చే కొలిమిలో. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కేజీలు కాలిస్తే 56 కేజీల సున్నం మిగుల్తుంది. తక్కిన 44 కేజీలు కార్బన్ డయాక్సైడే. బొగ్గు మానేసినా అది ఆగదు. అందుకే సిమెంటులో క్లింకర్, అంటే కిల్న్‌లో కాలి గడ్డకట్టిన సరుకు, తగ్గించి ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద కలుపుతారు.

వ్యాఖ్యాత: ఆ బూడిద రావాలంటే థర్మల్ ప్లాంటులో బొగ్గు కాలాలి కదా?

ఇంజనీరు: (నవ్వుతూ) కాలాల్సిందే. అందుకే ఇప్పుడు కాల్చిన బంకమట్టి వైపు చూస్తున్నారు.

రైతు: టన్ను సిమెంటుకు ఇంత కార్బన్ తగ్గించినామంటాండారు కంపెనీలోళ్లు. టన్నులు పెంచుకుంటా పోతే మొత్తం తగ్గేదెట్ల సార్?

ఆడిటర్: తగ్గదన్నా. టన్నుకు 20 శాతం తగ్గించి, ఉత్పత్తి 50 శాతం పెంచారనుకోండి, మొత్తం 20 శాతం పెరిగినట్టే. రిపోర్టు అట్ట మీదికెక్కేది మాత్రం ఆ మొదటి 20.

వ్యాఖ్యాత: అడిగేవాళ్లు లేరా మేడమ్?

ఆడిటర్: సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ ఉంది, 2015లో మొదలైంది. ప్రభుత్వ సంస్థ కాదు. కంపెనీలే ఫీజు కట్టి లక్ష్యాలకు ముద్ర వేయించుకుంటాయి. సరుకు ఇచ్చేవాళ్లు, వాడేవాళ్ల వల్ల వచ్చే సప్లై చైన్ ఉద్గారాలకు కార్బన్ క్రెడిట్లు, అంటే వేరేచోట తగ్గించినదానికి కొనే సర్టిఫికెట్లు, చూపించుకోవచ్చన్నట్టు 2024 ఏప్రిల్‌లో దాని బోర్డు ప్రకటిస్తే సొంత సిబ్బందే ఎదురుతిరిగారు. బ్యాంకుల నెట్ జీరో కూటమైతే 2021లో పుట్టి 2025 అక్టోబరులో మూతబడింది. అమెరికా పెద్ద బ్యాంకులు అంతకుముందే జారుకున్నాయి. జరిమానా లేదు, ఏమీ లేదు.

రైతు: మా ఊర్లో చీటీ ఎగ్గొడితేనే పంచాయితీ పెడతారు గదమ్మా!

ఇంజనీరు: అట్లని ప్రైవేటు పద్ధతిని కొట్టిపారేయలేం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కార్బన్ లెక్క అడిగిన నాథుడే లేడు.

ఆడిటర్: కొలవడం వాళ్లే నేర్పారు, కాదనను. కొరడా మాత్రం చట్టం చేతిలోనే ఉండాలి. పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి 2022-23 నుంచి స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ, పర్యావరణ, సామాజిక బాధ్యతల లెక్క చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టు తప్పనిసరి చేసింది. కేంద్రం 2025లో సిమెంటుకు ఉద్గార లక్ష్యాలు పెట్టింది. తప్పితే క్రెడిట్లు కొనాలి, కొనకపోతే వాటి సగటు ధరకు రెట్టింపు కట్టాలి.

రైతు: ఆ లక్ష్యం మొత్తం మీదనా, టన్ను మీదనా?

ఆడిటర్: టన్ను మీదే.

రైతు: ఇంకేముంది, మళ్లా మొదటికే!

ఇంజనీరు: దేశం హామీ కూడా అదే తీరు అన్నా. జీడీపీలో రూపాయికి ఎంత ఉద్గారం అన్నదాన్ని 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామంది. ఇళ్లు, రోడ్లు ఇంకా కట్టుకోవాల్సిన దేశం మరి.

రైతు: కట్టండి సార్, వద్దనలేదు. పెరిగినదాన్ని పెరిగిందనే రాయమంటాండా.

వ్యాఖ్యాత: ముద్దనూరు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండన్నా...