బదరీ చెట్టు కింద ఏలీయా: అలిసిపోయిన మనిషికి దేవుడు ముందు ఏమిచ్చాడు?

అందరికీ వందనాలండి. ఈమధ్య ఆరాధన అయ్యాక నన్ను పక్కకి పిలిచి ఒకే మాట చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. "బ్రదర్, ప్రార్థనకి కూర్చుంటే నిద్రొచ్చేస్తోంది, బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడతాయి గానీ ఏదీ లోపలికి పోవట్లేదు, నా విశ్వాసం తగ్గిపోయిందంటారా?" అని. వాళ్లకోసమే ఈ వీడియో. మొదటి రాజులు 19వ అధ్యాయం తీసి దగ్గర పెట్టుకోండి.

[స్క్రీన్ మీద మ్యాప్: కర్మెలు, యెజ్రెయేలు, బెయేర్షెబా]

ముందు ఈ మ్యాప్ చూడండి. కర్మెలు కొండ మీద బయలు అనే దేవతని కొలిచే 450 మంది ప్రవక్తల ఎదురుగా, మన దేవుడి ప్రవక్త ఏలీయా ఒక్కడే రోజంతా నిలబడ్డాడు, సాయంత్రం వాన కోసం మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని ప్రార్థన చేశాడు, వానొచ్చాక అహాబు రాజు రథానికి ముందు యెజ్రెయేలు దాకా పరిగెత్తాడు, అది పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత చేస్తే దక్కిందేంటి, నిన్ను చంపేస్తానని అహాబు భార్య యెజెబెలు కబురు. అక్కణ్ణుంచి బెయేర్షెబాకి పారిపోయాడు, తిన్నగా కొలిచినా 150 కిలోమీటర్ల పైమాటే. అక్కడ తన దాసుణ్ణి వదిలేసి ఇంకో రోజంతా ఒక్కడే ఎడారిలోకి నడిచి ఒక చెట్టు కింద కూలబడి, ఇంక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు.

[చెట్టు ఫోటో]

ఆ చెట్టు గురించి ఒక్క నిమిషం. మన తెలుగు బైబిల్లో బదరీ వృక్షం అని ఉంటుంది, బదరీ అంటే రేగు. హీబ్రూలో మాత్రం రోతెమ్, సన్నటి పుల్లలతో గుబురుగా పెరిగే ఎడారి పొద అది. కీర్తన 120లో అదే రోతెమ్‌ని మనవాళ్లు తంగేడు అన్నారు, తంగేడు నిప్పులు అని చదివి ఉంటారు. నాకైతే తంగేడే దగ్గరగా అనిపిస్తుంది, మన మెట్టభూముల్లో ఎండకి నిలబడే తంగేడు పొదని గుర్తు తెచ్చుకోండి, దాని కింద ఎంత నీడ ఉంటుంది, తల దాచుకోడానికి సరిపోతే గొప్ప. అంతటి మహా ప్రవక్త ఆ కాస్త నీడలో పడి నిద్రపోయాడు.

ఇప్పుడు దేవదూత వచ్చాడు. ఏమన్నాడో గమనించండి. మొన్ననే కదా కర్మెలు మీద నువ్వు ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగొచ్చింది, ఇవాళ ఇలా అయిపోయావేంటి అనలేదు. విశ్వాసం ఏదీ అనలేదు. ముట్టి లేపి, లేచి భోజనం చెయ్ అన్నాడు. చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని తాగి మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు దేవుడు! రెండోసారి కూడా అదే మాట, తిను, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అని. శక్తికి మించిందని దేవుడి తరఫునే చెప్పారు, నాకు చేతకావట్లేదని మనం చెప్పడానికి సిగ్గుపడతాం గానీ.

మా నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు ఇరవై రోజులు నేనే రాత్రిళ్లు కూర్చున్నాను. చూడ్డానికొచ్చిన ఒకాయన, ప్రార్థన తగ్గించావేమో చూసుకో బాబూ అని వెళ్లారు, ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. మర్నాడు మా సంఘంలో ఒక అత్తయ్య క్యారియర్‌లో అన్నం, చారు, వేడివేడి బంగాళాదుంప వేపుడు తెచ్చి, "తిని కాసేపు నడుం వాల్చరా, మీ నాన్న దగ్గర నేనుంటా" అన్నారు. ఆ రోజు నాకు అర్థమైన సువార్త ఆ క్యారియర్లోనే ఉంది, నిజంగా చెప్తున్నా.

యేసు ప్రభువు చేసింది కూడా ఇదే కదండీ. మార్కు 6లో శిష్యులు భోజనానికైనా టైమ్ లేకుండా తిరుగుతుంటే, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. ప్రయాసపడి భారం మోసుకుంటున్న సమస్త జనులారా నా దగ్గరికి రండి అని పిలిచింది కూడా ఈయనే. అందుకే మూడు రాత్రులు సరిగ్గా నిద్రలేని మనిషిని ఆల్‌నైట్ ప్రేయర్‌కి రాలేదని నిలదీయకండి ప్లీజ్. ఆ రాత్రి ప్రభువా నీ చేతుల్లో పడుకుంటున్నా అని ఒక్క మాట చెప్పి పడుకోనివ్వండి, అదీ ప్రార్థనే.

ఒకటి మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. ఏలీయా అన్నట్టు చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంటే దాచుకోకండి, ఇంట్లో చెప్పండి, పాస్టర్ గారికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికెళ్తే విశ్వాసం లేనట్టు కాదు.

[స్క్రీన్ మీద: హోరేబు కొండ]

ఆ భోజనం బలంతో ఏలీయా 40 రోజులు నడిచి దేవుని పర్వతమైన హోరేబు చేరాడు. పెనుగాలి, భూకంపం, అగ్ని, వేటిలోనూ దేవుడు లేడు, చివర్లో నిమ్మళంగా మాట్లాడే స్వరం వచ్చింది. నేనొక్కణ్ణే మిగిలానని ఏలీయా రెండుసార్లు మొరపెట్టుకున్నాడు. బయలుకి మోకరించని 7000 మంది ఉన్నారని దేవుడు చెప్పి, తన తర్వాత ప్రవక్త కావలసిన ఎలీషా దగ్గరికి పంపాడు. బెయేర్షెబాలో దాసుణ్ణి వదిలేసి ఒంటరిగా నడిచొచ్చిన మనిషి కదా. అధ్యాయం చివరి వచనం చూడండి, పొలం దున్నుతున్న ఎలీషా ఆ ఎడ్లని కోసి వండి జనానికి పెట్టి, లేచి ఏలీయా వెంట వెళ్లి ఆయనకి ఉపచారం చేశాడు.