వైరస్ తప్పుకున్నా ఈ క్యాన్సర్ ఆగదెందుకు?

(స్క్రీన్ మీద: మైక్రోస్కోప్ కింద రక్తపు చుక్క)

ఈ తెల్ల రక్తకణం చూడండి. ఊదారంగు కేంద్రకం గుండ్రంగా లేదు, రేకులు విచ్చుకున్నట్టుంది కదా? పూవు కణం అంటారు దీన్ని. టీ-కణాలనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్ అడల్ట్ టీ-సెల్ ల్యుకేమియా, అంటే ఏటీఎల్‌కి ఇది గుర్తు.

నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఎస్వీ యూనివర్సిటీ బయోటెక్నాలజీ పిల్లలు మైక్రోఆర్ఎన్ఏ గురించి, అంటే కణంలో ప్రొటీన్ల తయారీని అదుపు చేసే చిట్టి ఆర్ఎన్ఏ ముక్కల గురించి చెప్పమని అడుగుతా ఉన్నారు. 2024లో ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు నోబెల్ వచ్చింది దీనికే. ఈ జబ్బులో పెట్టి చూస్తే విషయం తొందరగా బుర్రకెక్కుతుంది.

జబ్బుకు మూలం హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్. 1980లో రాబర్ట్ గాలో ల్యాబ్ బయటపెట్టింది. తల్లిపాలు, రక్తం, లైంగిక సంబంధం దీని దారులు. నైరుతి జపాన్‌లో, కరీబియన్ దీవుల్లో జాస్తి. సోకినవాళ్లలో చాలా కొద్దిమందికే, అదీ దశాబ్దాల తర్వాత, క్యాన్సర్ వస్తుంది. రుయా ఆసుపత్రిలో రక్తం ఇచ్చి వచ్చినవాళ్లు కంగారు పడొద్దు, ఇచ్చినందుకు ఇది అంటుకోదు.

(స్క్రీన్ మీద: టీ-కణం లోపలి బొమ్మ)

వైరస్ చేసే టాక్స్ అనే ప్రొటీన్ ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ వేస్తుంది. ఇక కణం చావదు, పెరుగుతూనే ఉంటుంది. అయితే టాక్స్‌ని మన రోగనిరోధక కణాలు ఇట్టే పసిగడతాయి. అందుకే జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది క్యాన్సర్ కణాల్లో టాక్స్ కనబడనే కనబడదు. మరి స్విచ్ ఎట్లా వెలుగుతోంది?

2012లో జపాన్ శాస్త్రవేత్తలు రోగుల కణాల్లో మైక్రోఆర్ఎన్ఏలు కొలిస్తే, మైఆర్-31 దాదాపు మాయమై కనిపించింది. 22 అక్షరాలకు అటూ ఇటూ ఉండే ముక్క! ఆ స్విచ్ వేసే ఇంకో ప్రొటీన్ ఎన్ఐకే; దాని సందేశ ఆర్ఎన్ఏకి (తయారీ సూచనలు మోసేదానికి) అతుక్కుని, ఎన్ఐకేని తయారుకానివ్వకపోవడం మైఆర్-31 పని. అది లేకపోతే ఎన్ఐకే పెరుగుతుంది, స్విచ్ వెలుగుతూనే ఉంటుంది. తిరుమల ఘాట్‌లో దిగే బండికి బ్రేకు పోతే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా ఆగుతుందా?

అన్ని మైక్రోఆర్ఎన్ఏలూ ఇట్లా తగ్గవు. మైఆర్-155 పెరుగుతుంది, క్యాన్సర్‌కే తోడవుతుంది. కాబట్టి పరీక్షలో 'మైక్రోఆర్ఎన్ఏ క్యాన్సర్‌ని ఆపుతుంది' అని రాసి ఊరుకుంటే సగం మార్కులే.

ఇంతకీ మైఆర్-31 ఏమైంది? కొందరిలో జన్యువే ఊడిపోయింది. కానీ జన్యువు ఉన్నచోట కూడా ఈజెడ్‌హెచ్2 ఎంజైమ్ డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద రసాయన ముద్ర వేసి మూసేసింది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. ఊడిపోయింది తిరిగి రాదు గానీ మూసేసింది తెరవొచ్చు. ల్యాబులో ఆ ఎంజైమ్‌ని తగ్గిస్తే మైఆర్-31 తిరిగొచ్చింది.

ఈజెడ్‌హెచ్1, 2 రెండింటినీ అడ్డుకునే వాలెమెటోస్టాట్ మాత్రకు 2022లో జపాన్ అనుమతిచ్చింది, తిరగబెట్టిన ఏటీఎల్‌కి. మందు పనిచేసిందంటే మైఆర్-31 ఒక్కదాని పుణ్యమే అనలేం. ఆ ఎంజైములు మూసిన జన్యువులు ఇంకా బోలెడున్నాయి.