బ్రయాన్ మే టోన్ మీ కంప్యూటర్‌లో: ట్రెబుల్ బూస్టర్, ఏసీ30, ఒక వాల్యూమ్ నాబ్

[ఒకే రిఫ్, రెండుసార్లు]

విన్నారుగా. రెండుసార్లూ గిటార్ ఒకటే, యాంప్ ఒకటే, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నాబ్ కూడా కదల్లేదు. మొదటిసారి గిటార్ వాల్యూమ్ 10లో ఉంది, రెండోసారి 4లో. మండిపోయే లీడ్‌కీ తేటగా మోగే ఆర్పెజియోకీ మధ్య తేడా అంతా అక్కడే. క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే స్టేజి మీద చేసేదీ ఇదే: యాంప్ ఎప్పుడూ ఫుల్లు, పెంచడం తగ్గించడం చిటికెన వేలితో. ఆ సెటప్‌ని ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో కట్టుకుందాం.

ముందు అసలు సామాను సంగతి. ఇది తెలియకపోతే ప్రీసెట్ పేరు చూసి బోల్తా పడతారు. గిటార్ పేరు రెడ్ స్పెషల్, 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే తయారుచెయ్యడం మొదలుపెట్టారు. మూడు బర్న్స్ ట్రైసోనిక్ పికప్‌లు, అన్నీ సింగిల్ కాయిల్సే. రెండు కలిపినప్పుడు స్ట్రాట్‌లో (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) లాగా ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన కాదు, సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలుస్తాయి. అందుకే పల్చబడకుండా మిడ్స్ లావెక్కి వస్తాయి. యాంప్ వాక్స్ ఏసీ30, అందులోనూ నార్మల్ ఛానెల్, వాల్యూమ్ ఆఖరి దాకా. గిటార్‌కీ యాంప్‌కీ మధ్య ట్రెబుల్ బూస్టర్, అంటే పై ఫ్రీక్వెన్సీలని పెంచి యాంప్‌లోకి తోసే చిన్న డబ్బా. ఈ జోడీని ఆయన ఐర్లండ్ గిటారిస్ట్ రోరీ గ్యాలఘర్‌ని చూసి, అడిగి తెలుసుకున్నారు. డిస్టార్షన్ పెడల్ ఎక్కడా లేదు. కాబట్టి ప్లగిన్‌లో ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్ పెడల్ ఎంత ముద్దొచ్చినా ముట్టుకోవద్దు.

సాఫ్ట్‌వేర్‌గా న్యూరల్ యాంప్ మోడలర్ వాడుతున్నాను. అందరూ నామ్ అంటారు, ఉచితం. రీపర్‌లో పెడుతున్నాను, మీరు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫర్వాలేదు. హీలిక్స్ నేటివ్ అనే యాంప్ ప్లగిన్ ఉన్నవాళ్ళు డీరేంజ్డ్ మాస్టర్ అనే బూస్టర్, దాని వెనక ఎసెక్స్ ఏ30 పెట్టుకోండి. అది టాప్ బూస్ట్ (ట్రెబుల్, బాస్ నాబులతో ఇంకా పదునుగా మోగే ఛానెల్) ఉన్న ఏసీ30, కాబట్టి ట్రెబుల్ 3 దగ్గర, బాస్ 4 దగ్గర మొదలుపెట్టండి.

[స్క్రీన్ మీద: ఇంటర్‌ఫేస్ సెట్టింగులు]

ఇంటర్‌ఫేస్ అంటే గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా. శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్, బఫర్ 128. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే వెయ్యండి. కేబుల్ పెట్టిన ఇన్‌పుట్‌కి ఇన్‌స్ట్రుమెంట్ మోడ్ ఆన్ చెయ్యండి, లైన్ మోడ్‌లో ఉంటే గిటార్ దుప్పటి కప్పినట్టు మోగుతుంది. ఇప్పుడు గెయిన్ పూర్తిగా తగ్గించి, గిటార్ వాల్యూమ్ 10లో పెట్టి, ఆరు తీగలూ గట్టిగా బాదండి. మీటర్‌లో పీక్ మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఉంటే చాలు. ఎర్రలైటు అంచుదాకా పెంచితే ఎక్కువ సిగ్నల్ వస్తుంది కదా అనుకుంటారు. అలా చేస్తే యాంప్ మోడల్‌కి అందాల్సినదానికంటే ఎక్కువ సిగ్నల్ పోతుంది. ఆ తరవాత గిటార్ వాల్యూమ్ 3కి తగ్గించినా డ్రైవ్ తగ్గదు. "నా దగ్గర క్లీన్ అవ్వట్లేదు" అనే సమస్యలో సగం ఇక్కడే పుడుతుంది.

ఇక బూస్టర్. నామ్ ఒక్కో ఇన్‌స్టెన్స్‌లో ఒక్క క్యాప్చరే (నిజం యాంప్ లేదా పెడల్ ధ్వనిని నకలు తీసిన ఫైలు) పడుతుంది, అందుకని వరసగా రెండు పెడుతున్నాను. మొదటిదాంట్లో రేంజ్‌మాస్టర్ తరహా బూస్టర్ క్యాప్చర్, ఐఆర్ (స్పీకర్, మైకు ధ్వనిని నకలు చేసే ఫైలు) ఆఫ్. రేంజ్‌మాస్టర్ 1960ల నాటి డబ్బా, లోపల ఒకే ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్, ఇన్‌పుట్‌లో చిన్న కెపాసిటర్. ఆ కెపాసిటర్ బాస్‌ని లోపలికి రానివ్వదు. యాంప్ ఎంత మండినా లావు తీగల మీద పవర్ కార్డ్ బురదగా మారకపోవడానికి కారణం అదే.

బూస్టర్ క్యాప్చర్ దొరక్కపోతే ఈక్యూతో పని జరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (దానికి కింది ఫ్రీక్వెన్సీలన్నిటినీ కలిపి మార్చే ఫిల్టర్) పెట్టి 15 డెసిబెల్స్ తగ్గించండి. తరవాతి నామ్‌లో ఇన్‌పుట్ నాబ్‌ని 15 డెసిబెల్స్ పెంచండి. జర్మేనియం రుచి రాదు గానీ, ఆకారం అదే. వరస మాత్రం మార్చొద్దు. ఇదే ఈక్యూని యాంప్ తరవాత పెడితే బాస్ యాంప్‌లోకి వెళ్ళి చితికిపోయాక దాన్ని సన్నం చేసినట్టు అవుతుంది, చెవుల్లో గుచ్చుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ చెయ్యలేని పని ఒకటుంది. నిజం రేంజ్‌మాస్టర్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ బాగా తక్కువ. పికప్ దానికి నేరుగా తగిలినప్పుడు పై ఫ్రీక్వెన్సీలు కొంచెం మెత్తబడతాయి. మన పికప్‌కి తగులుతున్నది బూస్టర్ కాదు, ఇంటర్‌ఫేస్. దాని ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ మామూలుగా 1 మెగాఓమ్ దగ్గర ఉంటుంది, అందువల్ల అంచులు పదునుగా వస్తాయి. గిటార్ టోన్ నాబ్ 7కి దించండి. లేదా బూస్టర్‌కి ముందు 5 కిలోహెర్ట్జ్ దగ్గర మెత్తని లో పాస్ (దానికి పైవాటిని తగ్గించే ఫిల్టర్) పెట్టండి. వినండి, తేడా. [అదే ఫ్రేజ్, ముందూ తరవాతా]

రెండో నామ్‌లో ఏసీ30. డౌన్‌లోడ్ చేసేటప్పుడు వివరణ చదవండి. దొరికేవాటిలో చాలావరకు టాప్ బూస్ట్ ఛానెల్ క్యాప్చర్లే. మనకి కావలసింది నార్మల్ ఛానెల్, వాల్యూమ్ బాగా పెంచి తీసింది. ఈ యాంప్‌లో నాలుగు ఈఎల్84 ట్యూబులు, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ లేదు. అందుకే అది ఒక్కసారిగా చితికిపోదు, కొంచెం కొంచెంగా ముదురుతుంది. గిటార్ నాబ్‌కి అంత బాగా పలకడానికి కారణం అదే. నాబులున్న మోడల్ వాడేవాళ్ళకి ఒక మాట: కట్ అనే నాబ్ తిరకాసుది. పెంచేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది.

తరవాత క్యాబినెట్. క్యాప్చర్ పేరులో ఫుల్ రిగ్ అని ఉంటే స్పీకర్, మైకు అందులోనే ఉన్నాయి, ఐఆర్ పెట్టొద్దు. పెడితే రెండు స్పీకర్లు ఒకదాని వెనక ఒకటి మోగినట్టు మూసుకుపోతుంది. యాంప్ మాత్రమే క్యాప్చర్ చేసినదైతే ఐఆర్ తప్పనిసరి, లేకపోతే కందిరీగల గోల. సెలెషన్ ఆల్నికో బ్లూ స్పీకర్లున్న 2x12 ఐఆర్ తీసుకోండి. ఎస్ఎం57 మైకుది, స్పీకర్ నడిమధ్య నుంచి కొంచెం పక్కకి జరిపినది అయితే బాగుంటుంది. నాయిస్ గేట్ మైనస్ 70 దాటి పైకి తేవద్దు. గిటార్ వాల్యూమ్ 3లో వాయించేటప్పుడు గేట్ మీ నోట్ల తోకలు కత్తిరించేస్తుంది.

గిటార్ విషయానికొద్దాం. రెడ్ స్పెషల్‌లో ఆయన ఎక్కువగా వాడేది బ్రిడ్జ్, మిడిల్ కలిపి. స్ట్రాట్‌లో అదే పొజిషన్ ప్యారలల్ కాబట్టి గలగలమంటుంది, ఆ బలం రాదు. బ్రిడ్జ్‌లో హంబకర్ ఉంటే అదే వాడండి. అందులో రెండు కాయిల్స్ సిరీస్‌లోనే ఉంటాయి కాబట్టి దగ్గరగా వస్తుంది. మూడు సింగిల్ కాయిల్స్ స్ట్రాట్ మాత్రమే ఉంటే, బూస్టర్‌కి ముందు 700 హెర్ట్జ్ దగ్గర వెడల్పుగా 4 డెసిబెల్స్ పెంచండి. టంకం వెయ్యడం వచ్చినవాళ్ళు సిరీస్ స్విచ్ పెట్టించుకుంటే ఇంకా మంచిది.

పిక్ కూడా ముఖ్యమే. ఆయన ప్లాస్టిక్ పిక్ వాడరు. బ్రిటన్‌లో ఒకప్పుడు చెలామణిలో ఉన్న ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తారు. నోటు మొదట్లో వచ్చే ఆ చిన్న కిర్రుమనే శబ్దం నాణెం అంచు గీతలది. ఇంట్లో పాత పావలా బిళ్ళలుంటే వెతకండి, సైజు దాదాపు అదే. స్టీల్ పావలా వద్దు, అంచు నున్నగా ఉంటుంది. అంతకుముందు వచ్చిన, అంచున గీతలున్న పావలా కావాలి. మెత్తగా పట్టుకుని కొంచెం వాల్చి వాయించండి. గట్టిగా పట్టుకుంటే తీగ తెగుతుంది, 9 గేజ్ సెట్ అయితే మరీ త్వరగా.

అసలు రికార్డుతో పోల్చేటప్పుడు పాట వాల్యూమ్ తగ్గించి మీ గిటార్‌తో సమానం చెయ్యండి. ఏది గట్టిగా వినిపిస్తే చెవికి అదే మంచి టోన్ అనిపిస్తుంది. ఇంకోటి, రికార్డుల్లో మీరు వింటున్నది చాలాచోట్ల ఒక్క గిటార్ కాదు, పొరలు పొరలుగా వేసిన హార్మనీలు. కొన్ని పొరలకి వాడింది ఏసీ30 కూడా కాదు, బాసిస్ట్ జాన్ డీకన్ చెత్తకుండీలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో చేసిన చిన్న యాంప్. ఒక్క ట్రాక్‌తో అంత లావు రావట్లేదని గెయిన్ పెంచుకుంటూ పోతే ఎప్పటికీ రాదు. అదే భాగాన్ని ఇంకోసారి వాయించి రికార్డ్ చెయ్యండి.

చివరిగా, స్టేజి మీద ఒక్కడే మూడు గొంతులతో వాయించే ఆ డిలే. యాంప్, ఐఆర్ తరవాత రెండు డిలేలు పెట్టండి. ఒకటి 800 మిల్లీసెకన్లు, పూర్తిగా ఎడమకి. రెండోది 1600, పూర్తిగా కుడికి. ఫీడ్‌బ్యాక్ సున్నా, అంటే ఒక్కోటి ఒక్కసారే పలకాలి. అసలు గిటార్ మధ్యలో. డిలేని యాంప్ ముందు మాత్రం పెట్టొద్దు. ఒకే యాంప్‌లో మూడు నోట్లు కలిసి డిస్టార్ట్ అయితే ముద్దవుతుంది. ఆయన ఒక్కో డిలేకి వేరే యాంప్ పెట్టుకునేది ఇందుకే.

మెట్రోనోమ్ 75లో పెట్టండి, అప్పుడు ఒక బీట్ సరిగ్గా 800 మిల్లీసెకన్లు. మొదటి బీట్‌లో ఏ, రెండో బీట్‌లో సీ, మూడో బీట్‌లో ఈ. మీరు ఈ వాయించేసరికి ఎడమ నుంచి సీ, కుడి నుంచి ఏ వస్తాయి. [మూడు నోట్లు, ఏ మైనర్ కార్డ్] నోటు బీట్‌కి ముందో వెనకో పడితే డిలే దాన్ని మళ్ళీ రెండుసార్లు వినిపిస్తుంది, కాబట్టి మొదట్లో పూర్తి బీట్ నోట్లే వాయించండి. ఇది కుదిరాక సగం బీట్ నోట్లకి వెళ్ళండి.