కొత్త ల్యాప్‌టాప్ మేలా, పాతదే నయమా? విజయనగరం స్టూడియోలో చర్చ

విజయనగరంలో ఓ స్థానిక కేబుల్ చానెల్ స్టూడియోలో సాగిన చర్చ ఇది. వ్యాఖ్యాత కాక ముగ్గురు మాట్లాడారు: కోట జంక్షన్ వైపు ల్యాప్‌టాప్ సర్వీస్ షాపు నడిపే మెకానిక్, శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే లెక్చరర్, బొబ్బిలిలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట్ల కాస్త కత్తిరించాను. మెకానిక్ మాటలకు మాత్రం కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటే టెన్షన్, పిల్లలకి ఏ ల్యాప్‌టాప్ కొనాలని. షాపుకెళ్తే అన్నీ సన్నగా, నాజూగ్గా మెరిసిపోతున్నాయి. ఇంట్లో ఉన్న పాతదేమో బండగా ఉన్నా పదేళ్లుగా నడుస్తూనే ఉంది. ఈ కొత్త డిజైన్ల వల్ల మనకు నిజంగా మేలు జరుగుతోందా? మేడమ్, మీతో మొదలుపెడదాం.

ఇంజినీరు: జరుగుతోందండీ, అందులో నాకు అనుమానం లేదు. 2011 నాటి మంచి ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. అందులో ఐ5 ప్రాసెసర్ తాగే కరెంటు లెక్కలో 35 వాట్ల రకం. ఇప్పటి సన్నటి వాటిలో చాలావరకు 15 వాట్ల తరగతివే, పని మాత్రం దానికి కొన్ని రెట్లు చేస్తాయి. అప్పటి మామూలు స్క్రీన్ 1366 బై 768 చుక్కలది. కాస్త పక్కకి జరిగి చూస్తే రంగులే మారిపోయేవి. హార్డ్ డిస్క్ సంగతి సరేసరి, ఆన్ చేసి టీ పెట్టుకుని రావచ్చు. 2020 నవంబర్‌లో ఆపిల్ ఎమ్1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. దాంట్లో అసలు ఫ్యానే లేదు. నెట్ చూసుకుంటే 15 గంటల దాకా వస్తుందని కంపెనీ ప్రకటించింది. పాతవాటితో అది జరిగే పనేనా?

వ్యాఖ్యాత: మెకానిక్ గారూ, మీ ముఖం చూస్తే ఒప్పుకున్నట్టు లేరే!

మెకానిక్: ఒప్పుకోకపోవడానికి ఏటుందండీ, స్పీడులో కొత్తదాన్ని కొట్టేది లేదు. నా గొడవ స్పీడుతో కాదు. వారంటీ అయిపోయిన మర్నాటి నుంచి మొదలవుతుంది నా గొడవ. రెండు మెషిన్లు పట్టుకొచ్చాను. చూపించమంటారా?

(బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టారు. కంపెనీ పేర్లు కనబడకుండా స్టిక్కర్లు అంటించి ఉన్నాయి.)

మెకానిక్: ఇది పాతది. తిరగేసి చూడండి. కింద ఈ స్క్రూల పక్కన బుల్లి కీబోర్డు బొమ్మ అచ్చేసి ఉంది కదా, ఈ గుర్తున్నవి విప్పితే చాలు. ఇప్పుడు మళ్లీ ఇటు తిప్పి, కీబోర్డుని స్క్రీన్ వైపు కొంచెం తోసి, ముందు అంచు పట్టుకుని ఎత్తితే... వచ్చేసింది. కింద ఒక్కటే కేబుల్. అది పీకి కొత్తది తగిలించడమే.

వ్యాఖ్యాత: ఇంతేనా!

మెకానిక్: ఇంతే. ఇప్పుడు ఈ సన్నదాన్ని చూడండి. మూత ముందే తీసి తెచ్చాను, లేకపోతే మీ ప్రోగ్రామ్ టైము దానికే అయిపోతుంది. చుట్టూ ప్లాస్టిక్ లాకులు, ఒకటి విరిగినా మూత సరిగ్గా కూర్చోదు. బ్యాటరీ తీశాను, ఫ్యాన్ తీశాను, మదర్‌బోర్డు కూడా తీసేశాను. అప్పుడు గానీ కీబోర్డు వీపు కనబడలేదు. దాని మీద ఈ నల్ల చుక్కలు చూడండి. స్క్రూలు కావివి, ప్లాస్టిక్ రివిట్లు. వేడితో కరిగించి అణిచేశారు. ఒక్క అక్షరం పడకపోయినా సర్వీస్ సెంటర్‌లో పై కవరు మొత్తం మార్చాలంటారు. తలుపు గడియ ఊడితే ద్వారబంధం కూడా మార్చమన్నట్టు.

ఇంజినీరు: మరి మీరెలా చేస్తారు బాబాయ్?

మెకానిక్: ఆ చుక్కలన్నీ ఒక్కోటీ చెక్కి, కీబోర్డు మార్చి, సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించి అణచాలమ్మా. పూటంతా దానికే పోతుంది. చెయ్యి కాస్త జారిందా, వేడికి పైన గుంట పడుతుంది. ఇంత చేశాక కస్టమరు వచ్చి, కీబోర్డే కదా, మూడొందలు తీసుకో అంటాడు.

(నవ్వులు)

లెక్చరర్: కీబోర్డు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. సన్నబడాలన్న యావ ఎంత దూరం పోయిందో చూడండి. 2015లో ఆపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు తెచ్చింది. కీ కదిలే లోతు ఎంత తక్కువంటే, కిందకి దుమ్ము దూరినా చాలు, కీ ఇరుక్కుపోవడమో ఒక అక్షరం రెండుసార్లు పడడమో జరిగేది. చివరికి 2018లో ఉచితంగా బాగుచేసే పథకం పెట్టారు. 2019లో వచ్చిన 16 అంగుళాల మోడల్‌తో మళ్లీ కీ కింద కత్తెర ఆకారంలో మడత ఉండే పాత పద్ధతికే వచ్చారు. 2016లో తీసేసిన హెచ్‌డీఎంఐ పోర్టు, ఎస్‌డీ కార్డు స్లాటు 2021లో తిరిగొచ్చాయి. లెనోవో కూడా అంతే. 2013లో థింక్‌ప్యాడ్ టీ440లో టచ్‌ప్యాడ్ పైనుండే బటన్లు తీసేసింది, వాడేవాళ్లు గోల పెట్టారు, 2015లో టీ450లో మళ్లీ పెట్టింది.

వ్యాఖ్యాత: అంటే కొత్తదంటే మెరుగైనదే అన్న రూలేమీ లేదంటారు.

లెక్చరర్: లేదు. కొత్తదంటే ఆ ఏడాది కంపెనీ తీసుకున్న నిర్ణయం, అంతే.

ఇంజినీరు: మాస్టారూ, పొరపాట్లు జరిగాయి, ఒప్పుకుంటాను. కానీ ప్రతి మార్పూ షోకు కోసం చేసింది కాదు. ర్యామ్, అంటే మెషిన్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ సంగతే చూడండి. బోర్డుకే అతికించేశారని అందరూ తిడతారు. ఎందుకు అతికించారో ఎవరూ అడగరు. ఎల్‌పీడీడీఆర్ అనే రకం ర్యామ్ తక్కువ కరెంటు తాగుతుంది, వేగమూ ఎక్కువే. కానీ అది ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉండాలి, మధ్య తీగ దారి పొట్టిగా ఉండాలి. పాత స్లాటులో పెడితే సిగ్నల్ తేడా వస్తుంది. బ్యాటరీ రోజంతా వస్తోందంటే అందులో దానికీ వాటా ఉంది.

మెకానిక్: నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ మన దగ్గర ఏం జరుగుతోందో చెప్పనీ. తండ్రి అప్పో సప్పో చేసి 8 జీబీది కొంటాడు, అదీ అతికించింది. పిల్లది సెకండియర్‌కొచ్చేసరికి ఆండ్రాయిడ్ స్టూడియో అంటుంది, ఇంకేదో అంటుంది. మెషిన్ మూలుగుతుంది. నా దగ్గరికొచ్చి, అంకుల్, ఇంకో 8 వెయ్యండి అంటుంది. ఎక్కడ వెయ్యను? పాతదానికైతే మూత తీసి ఒక ర్యామ్ కడ్డీ గుచ్చి పంపేవాణ్ని. ఇప్పుడు, అమ్మా, ఇదింతే, ఇంకోటి కొనుక్కో అని చెప్పాలి. ఆ మాట చెప్పలేక చస్తున్నాను.

ఇంజినీరు: అందుకే కొనేటప్పుడే 16 తీసుకోమంటాను.

మెకానిక్: ఆ తేడా డబ్బులు ఎవరిస్తారు?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంజినీరు చెప్పిన కారణం సరైనదే. కానీ తక్కువ ధర మోడళ్లలో స్లాటులో పెట్టగలిగే మామూలు డీడీఆర్4 ర్యామ్‌ని కూడా అతికించి అమ్మారు. దానికి ఆ కారణం చెల్లదు. ఇది స్టూడియోలో ఎవరూ ఎత్తలేదు గనక నేనే రాస్తున్నాను.)

లెక్చరర్: దీనికీ దారి దొరుకుతోంది. ఎల్‌పీక్యామ్2 అని కొత్త రకం మాడ్యూల్ వచ్చింది. అదే తక్కువ కరెంటు ర్యామ్, కానీ స్క్రూలతో బిగిస్తారు, విప్పి మార్చుకోవచ్చు. 2024లో థింక్‌ప్యాడ్ పీ1 జెన్ 7లో పెట్టారు. ఖరీదైన మోడల్ అనుకోండి, మన ల్యాబుల దాకా రావడానికి టైము పడుతుంది. అదే ఏడాది ఇంటెల్ లూనార్ లేక్ చిప్పులో ర్యామ్‌ని ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోకే ఎక్కించింది. 16 జీబీ లేదా 32, మూడో మాట లేదు. తర్వాతి చిప్పుల్లో ఈ పద్ధతి కొనసాగించబోమని ఇంటెలే చెప్పేసింది.

వ్యాఖ్యాత: బ్యాటరీ విషయానికొద్దాం. మన జిల్లాల్లో తుపాను వచ్చిందంటే కరెంటు మాట మర్చిపోవడమే కదా.

లెక్చరర్: 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి చీకటే. అప్పుడు నేను సోంపేట వైపు ఉండేవాణ్ని. నా ల్యాప్‌టాప్‌కి వెనక ఊడదీసే బ్యాటరీ, లోపల ఇంకోటి ఉండేవి. బయటిది పీకి, ఛార్జి చేసి ఉన్న రెండోది తగిలించినా మెషిన్ ఆగేది కాదు. స్కాలర్‌షిప్పుల జాబితా ఆ వారంలోనే పంపాల్సి వచ్చింది, పంపాను. థింక్‌ప్యాడ్ టీ480 దాకా ఆ ఏర్పాటు ఉండేది, 2019లో వచ్చిన టీ490లో తీసేశారు.

ఇంజినీరు: మాస్టారూ, ఇప్పుడైతే మీకు ఆ రెండో బ్యాటరీ అక్కర్లేదు. నాది టైప్-సీ ఛార్జింగ్. మా ఇంట్లో కరెంటు పోతే కారులో 65 వాట్ల ఛార్జరు పెట్టి ల్యాప్‌టాప్ ఎక్కించుకుంటాను. పెద్ద పవర్ బ్యాంకున్నా సరిపోతుంది. పాతవాటికి కంపెనీకో పిన్ను, పిన్నుకో సైజు. ఛార్జరు పాడైతే దానికోసం విశాఖపట్నం పరిగెత్తాలి. యూరప్‌లో ఫోన్లకు 2024 డిసెంబర్ నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ నుంచి టైప్-సీ తప్పనిసరి అన్నారు.

మెకానిక్: టైప్-సీ మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. ఒక్క మాట. పాతవాటిలో చాలావాటికి ఛార్జింగ్ పిన్ను చిన్న వైరుకి తగిలించి ఉండేది. వదులైతే వైరుతో సహా మార్చేసేవాణ్ని. ఇప్పుడు టైప్-సీ పోర్టు చాలావాటిలో బోర్డుకే సోల్డర్ చేసి ఉంటోంది. పిల్లలు మంచం మీద పడుకుని, వైరు తగిలించి ఉండగానే మెషిన్ని అటూ ఇటూ లాగుతారు. పోర్టు కదిలిపోతుంది. భోగాపురం, కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చేవాటికి ఉప్పు గాలి తుప్పు అదనం.

వ్యాఖ్యాత: మరి బ్యాటరీ ఉబ్బడం?

మెకానిక్: అది కొత్తవాటిలోనే ఎక్కువ చూస్తున్నాను. పాతవాటిలో గట్టి డబ్బాలో గుండ్రటి సెల్సుండేవి. ఇప్పుడు పల్చటి సంచిలాంటి పౌచ్ సెల్సు. టచ్‌ప్యాడ్ నొక్కితే దిగట్లేదని తెస్తారు. మూత తీస్తే కింద బ్యాటరీ పూరీలాగే! ఛార్జి ఎనభై శాతం దగ్గర ఆపే సెట్టింగు చాలా మెషిన్లలో ఉంది. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్లు అది పెట్టుకోవాలి. ఉబ్బినదాన్ని మాత్రం సూదితో పొడవకండి బాబూ, ఒకాయన పొడవబోయాడు.

వ్యాఖ్యాత: పాతదే నమ్ముకుని కూర్చుంటే విండోస్ గొడవుంది కదా మాస్టారూ?

లెక్చరర్: ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి ఉండాలి. మా ల్యాబులో నిక్షేపంలా ఉన్న ఏడో తరం మెషిన్లు ఒక్క రోజులో పనికిరానివైపోయాయి. వాటిలో లినక్స్ ఎక్కించాం. సీ, పైథాన్ నేర్పడానికి ఏ లోటూ లేదు. విండోస్‌లో నడిచే టాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కావాలన్న కామర్స్ వాళ్లకే కాస్త ఇబ్బంది. ఇది డిజైన్ తప్పు కాదు గానీ, పాతదే బంగారం అనేవాళ్లు ఇది కూడా లెక్క వేసుకోవాలి.

ఇంజినీరు: సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మెషిన్లో నెట్ బ్యాంకింగ్ చేయడం నాకైతే ధైర్యం చాలదు.

వ్యాఖ్యాత: అయితే రిపేరుకి అనువుగా ఉండే కొత్తవి అసలు లేవా?

లెక్చరర్: ఎందుకు లేవు? 2012లో ఆపిల్ రెటీనా మ్యాక్‌బుక్ ప్రోకి మెషిన్లు విప్పి చూసి మార్కులేసే ఐఫిక్సిట్ వాళ్లు రిపేరు విషయంలో పదికి ఒకటి ఇచ్చారు. 2024లో థింక్‌ప్యాడ్ టీ14 జెన్ 5కి అదే సంస్థ తొమ్మిది ఇచ్చింది. రెండు ర్యామ్ స్లాట్లు, సులువుగా ఊడే బ్యాటరీ. అదేమీ ఇటుకలా ఉండదు, సన్నగానే ఉంటుంది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే రిపేరు మార్కు పదికి ఎంతో వేయాలి. మన దగ్గర 2022 చివర్లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే బాగుచేయించుకునే హక్కు పేరుతో పోర్టల్ పెట్టింది. షాపులో ధర చీటీ మీద మాత్రం మార్కు లేదు.

మెకానిక్: ఆ మార్కు వేస్తే సగం షోకేసు ఖాళీ అయిపోద్ది మాస్టారూ.

వ్యాఖ్యాత: చీపురుపల్లి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో మహిళ: నమస్కారమండీ. మాది 2019లో కొన్నది, ఆన్ అవ్వడానికే పది నిమిషాలు పడుతోంది. అమ్మేసి కొత్తది తీసుకోమంటున్నాడు మా అబ్బాయి. యాభై వేలంట.

మెకానిక్: అందులో తిరిగే హార్డ్ డిస్క్ ఉందా, తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీనా అమ్మా?

ఫోన్‌లో మహిళ: అది తెలీదు బాబూ. లోపల గిర్రుమని చప్పుడొస్తది.

మెకానిక్: అయితే హార్డ్ డిస్కే. కంగారుపడి అమ్మకండి. అది తీసి ఎస్ఎస్‌డీ వేయించి, స్లాటుంటే ఇంకో ర్యామ్ వేయించండి. ప్రాసెసర్ ఎనిమిదో తరమో ఆ పైదో అయితే విండోస్ 11 కూడా ఎక్కుతుంది. ముందు ఫొటోలూ సర్టిఫికెట్లూ పెన్‌డ్రైవ్‌లో తీసి పెట్టుకోండి.

ఇంజినీరు: అమ్మా, మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు?

ఫోన్‌లో మహిళ: బీకామ్.

ఇంజినీరు: అయితే బాబాయ్ చెప్పినట్టే చేయించండి. ఇంజినీరింగో, వీడియో ఎడిటింగో అయ్యుంటే నేనూ కొత్తదే కొనమనేదాన్ని.

వ్యాఖ్యాత: యాభై వేలకి కొత్తది కొనేవాళ్లు షాపులో ఏం అడగాలి? బేగి చెప్పండి, టైము దగ్గర పడింది.

మెకానిక్: ర్యామ్ స్లాటుందా, అతికించేశారా అని అడగండి. మోడల్ నంబరు రాయించుకుని, మూత విప్పిన వీడియో యూట్యూబ్‌లో చూశాకే డబ్బు కట్టండి. స్క్రీన్ని ఒక చేత్తో ఎత్తి చూడండి. ఎత్తుతుంటే కింద భాగం కిర్రుమన్నా, హింజ్, అంటే స్క్రీన్ కీలు దగ్గర ప్లాస్టిక్ వంగినా అది వద్దు. ఆ హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో పాతిన ఇత్తడి గింజల్లోకి దిగుతాయి. గింజ ఊడిందంటే ఎమ్‌సీల్ పెట్టి నేనే అతకాలి.

ఇంజినీరు: బాబాయ్, నా దాని బ్యాటరీ కూడా ఈ మధ్య బేగి దిగిపోతోంది. తెస్తే మారుస్తారా?

మెకానిక్: మోడల్ నంబరు వాట్సాప్ చెయ్యమ్మా. జిగురుతో అతికించినదైతే పొద్దున్నే తేవాలి, సాయంత్రం దాకా వదిలెయ్యాలి.