ధ్రువప్రాంతపు మంచు: ఎత్తు, సాంద్రత, బరువు
(నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

2013 ఫిబ్రవరి 25న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 రాకెట్టు ‘సరళ్’ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. భారత, ఫ్రాన్స్ దేశాలు కలిసి చేపట్టిన ఆ ఉపగ్రహంలోని ఆల్టీమీటరు, అంటే రేడియో తరంగాన్ని కిందికి పంపి అది తిరిగి వచ్చే సమయాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే పరికరం, సముద్రమట్టంతో పాటు ధ్రువాల మంచు ఎత్తునూ కొలిచింది. అయితే ఎత్తు తెలిసినంత మాత్రాన బరువు తెలియదు. కళ్లంలో రాశి ఎంత ఎత్తున ఉన్నా, తేమా తాలూ చూసి కాటా వేయనిదే ఎన్ని పుట్లయిందో మన రైతు ఖాయంగా చెప్పడు. అంటార్కిటికాలో మంచు ఒక మీటరు పెరిగిందంటే, అది గాలికి బిగిసిన పైపొర అయితే చదరపు మీటరుకు సుమారు 300 నుంచి 400 కిలోలు, గట్టి మంచుగడ్డ అయితే 917 కిలోలు. సముద్రంలో ఎంత నీరు చేరుతుందన్న లెక్క, అంటే మైపాడు, కొత్తపట్నం తీరాలకు సంబంధించిన లెక్క కూడా, ఈ తేడాను దాటి పోలేదు.

ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న ఆ సాంద్రత తెలియాలంటే ఇప్పటికీ పార పట్టి గొయ్యి తవ్వవలసిందే. కొలవబోయే గోడ మీద ఎండ పడకుండా చూసుకొని, ముందుగా ఉష్ణోగ్రతలు తీయాలి; ఆలస్యమైతే గోడ బయటి గాలి వేడిమిని పుంజుకొని అంకెలన్నీ చెడతాయి. ఆ తరువాత 100 ఘన సెంటీమీటర్లు పట్టే పలుచని స్టీలు పెట్టెను పొరలోకి అడ్డంగా దించి, అంచులు గీసి, తూస్తారు. 35 గ్రాములు తూగితే సాంద్రత ఘనపు మీటరుకు 350 కిలోలు. వినడానికి తేలికే గాని, ఒకదానికొకటి అంటుకోని ముతక పలుకుల పొరలో పెట్టె నిండకముందే మంచు జారిపోతుంది, గట్టి పెచ్చు తగిలితే పెట్టె దిగదు. ఒకే గోతిలో వేర్వేరు పెట్టెలతో తీసిన అంకెలు దాదాపు పదో వంతు తేడా చూపవచ్చు. అందుకే ఏ పెట్టెతో కొలిచారో రాయని సాంద్రతను నేను సగం కొలతగానే భావిస్తాను.

పలుకుల పరిమాణం తెలియడానికి వాటిని మిల్లీమీటరు గళ్ల పలక మీద పోసి, ఊపిరి తగలనీయకుండా, భూతద్దంతో చూస్తారు. ముతక పలుకుల మంచు సన్నని దానికన్నా ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది కనుక ఈ కొలతకు విలువ ఉంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆల్టీమీటరు పంపే రేడియో తరంగం మంచు పైతలం దగ్గరే ఆగిపోదు, కొంత లోపలికి దిగి తిరిగి వస్తుంది. సరళ్ వాడిన కేఏ బ్యాండు (ఎక్కువ పౌనఃపున్యపు) తరంగం పాత ఉపగ్రహాలు వాడిన కేయూ బ్యాండు (తక్కువ పౌనఃపున్యపు) తరంగం కన్నా తక్కువ లోతుకు దిగుతుంది గాని, ఎంత దిగిందన్నది పలుకుల పరిమాణం, సాంద్రత, తేమలను బట్టే ఉంటుంది. కాబట్టి బరువుకే కాదు, ఉపగ్రహం చెప్పిన ఎత్తును సరిదిద్దడానికి కూడా ఆ గోతి అంకెలే కావాలి.